డెవలప్‌మెంటల్ కేర్ అని బెడ్‌కో చార్టు తగిలించారు... ఇది నర్సు పనేనా?

కొత్త_బ్యాడ్జి
ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) నర్సుగా చేరి ఇంకా ఏడాది కాలేదు. ఈ నెల నుంచి మా యూనిట్‌లో డెవలప్‌మెంటల్ కేర్, అంటే బిడ్డ మెదడు ఎదుగుదలకి తగ్గట్టు చూసుకోవడం అని, ప్రతి బెడ్‌కీ ఇంకో చార్టు వచ్చింది. లైటు తగ్గించారా, శబ్దం తగ్గించారా, పొజిషన్ మార్చారా, నొప్పి స్కోరు ఎంత, తల్లి ఎంతసేపు ఎత్తుకుంది... అన్నీ టిక్కులే. వెంటిలేటర్ బిడ్డల్ని, ఇన్‌ఫ్యూజన్లని చూసుకునేసరికే షిఫ్టు అయిపోతోంది. దీనికి టైమ్ ఎక్కడిది? సీనియర్ ఒకావిడ 'ముందు బిడ్డ బతకనీ, ఈ సోకులన్నీ తర్వాత' అనేసింది. ఇంకొకరు అది ఫిజియో వాళ్ల పని అన్నారు. అసలిది మన పనేనా? ఈ టిక్కుల వల్ల బిడ్డకి ఒరిగేదేంటి?

నైట్‌షిఫ్ట్_నవ్వులు
మా దగ్గర ఆ చార్టు అట్ట కిందపడిన చప్పుడుకి బిడ్డ ఉలిక్కిపడింది. 'శబ్దం తగ్గించారా' అన్నచోట టిక్కు పెట్టాలా వద్దా అని హ్యాండోవర్ అంతా అదే చర్చ.

పాత_సిస్టర్
చార్టు సంగతి పక్కన పెట్టు చెల్లీ. ఆ సీనియర్ మాట దగ్గరే ఆగుదాం. 26 వారాలకి పుట్టిన బిడ్డ ఇంకో మూడు నెలల పైనే కడుపులో ఉండాల్సింది. చీకటి, వెచ్చదనం, ముడుచుకుని పడుకునే చోటు, అమ్మ గుండె చప్పుడు. మెదడు బాగా పెరిగేది, మడతలు పడేది ఆ నెలల్లోనే. దాని బదులు మనం ఇస్తున్నవేంటి? పగలూ రాత్రీ ట్యూబ్‌లైట్లు, అలారాలు, మడమ మీద సూదులు, చర్మం ఊడొచ్చే టేపులు. బిడ్డ కాస్త కోలుకున్నాక చూద్దాంలే అంటే మెదడు అప్పటిదాకా పెరగడం ఆపుకోదు కదా.

బోస్టన్‌లో పనిచేసిన హైడెలీసె ఆల్స్ అనే సైకాలజిస్టు 1982లో ఒక సిద్ధాంతం రాశారు. క్లుప్తంగా చెప్పాలంటే, నెలలు నిండని బిడ్డ కూడా తనకేది సరిపడుతోందో ఏది పడట్లేదో ఒంటితో చెబుతూనే ఉంటుంది, దాన్ని చూసి మన పని మార్చుకోవాలి అని. అందులోంచే ఎన్‌ఐడీక్యాప్ అనే పద్ధతి వచ్చింది.

ఏం చూడాలంటే: వేళ్లు విచ్చుకుని బిర్రుగా చాపడం, చెయ్యి గాల్లోకి లేచి అలాగే ఉండిపోవడం, వెన్ను విరుచుకోవడం, ఎక్కిళ్లు, తుమ్ములు, వరసగా ఆవలింతలు, చూపు తిప్పేసుకోవడం, ఒళ్లు మచ్చలు మచ్చలుగా రంగు మారడం. మానిటర్ మోగేలోపే వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది చాలాసార్లు. చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంటోంది, పాదం గుడ్డకి ఆనించుకుంటోంది, వేలు ఇస్తే పట్టుకుంటోంది అంటే తనంతట తను సర్దుకుంటోందన్నమాట.

డాక్టరు రౌండ్స్‌కి వస్తారు, ఫిజియో పిలిస్తే వస్తారు. షిఫ్టంతా ఆ బెడ్ పక్కన ఉండేది ఎవరు? ఎవరి పని అన్నదానికి నా జవాబు అదే.

ముప్పై_వారాల_నాన్న
నర్సుని కాదు, 30 వారాలకి పుట్టిన పాపకి నాన్నని. చేతులు కడుక్కుని మొదటిసారి ఇంక్యుబేటర్‌లో చెయ్యి పెట్టి ముద్దుగా వీపు నిమిరితే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోయింది. అక్కడున్న సిస్టర్ కసిరి చెయ్యి తీయించేశారు. ఆ తర్వాత చాన్నాళ్లు ముట్టుకోవాలంటేనే భయం. ఆవలింత, తుమ్ము కూడా 'చాలు' అని చెప్పడమేనని ఎవరూ చెప్పలేదు. నిద్రొస్తోంది, జలుబు చేసింది అనుకునేవాణ్ని.

పాత_సిస్టర్
@ముప్పై_వారాల_నాన్న చెయ్యి తీసెయ్యమనడం కాదండీ, ఎలా పెట్టాలో చూపించాలి. అంత చిన్న బిడ్డకి వేళ్లతో నిమరడం, తట్టడం పడవు. ముందు మెల్లగా ఒక మాట అని, వెచ్చటి అరచెయ్యి ఒకటి తల మీద, ఒకటి పాదాల దగ్గరో పిరుదుల దగ్గరో పెట్టి కదపకుండా ఉంచాలి. తీసేటప్పుడు కూడా ఒక్కో చెయ్యీ నెమ్మదిగా. అలా నేర్పితే నాన్న చెయ్యే బిడ్డకి గూడు.

ఆధారం_ఏది
నియోనేటాలజీలో ఉన్నాను. వినడానికి బాగుంది కానీ కాస్త చల్లనీళ్లు పోస్తాను. ఎన్‌ఐడీక్యాప్ ట్రయల్స్‌ని కలిపి 2013లో పీడియాట్రిక్స్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. అప్పటి వైద్య ఫలితాల్లో గానీ, తర్వాతి నాడీ ఎదుగుదలలో గానీ లాభం ఉందనడానికి ఆధారం దొరకలేదన్నారు. ఇన్ఫెక్షన్ రాకుండా చేతులు కడగడం, ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య నిలపడం, తల్లిపాలు... వీటికి మనుషులే చాలని చోట ఇంకో చార్టు తెచ్చి నర్సు నెత్తిన పెట్టడం నాకూ నచ్చదు. కొత్త_బ్యాడ్జి విసుగులో న్యాయం ఉంది.

కొత్త_బ్యాడ్జి
హమ్మయ్య, ఒక్కరైనా నా వైపు.

పాత_సిస్టర్
డాక్టర్ గారూ, ఆ పేపరు నిజమే. కానీ అది మొత్తం ప్యాకేజీ మీద. ట్రయల్స్ చిన్నవి, ఒక్కోచోట ఒక్కోలా చేశారు. విడివిడిగా చూడండి. సూది గుచ్చే ముందు నొప్పి తగ్గించడానికి ఆధారం లేదా? బిడ్డని తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా ఉంచే కంగారూ కేర్‌కి లేదా?

ఆధారం_ఏది
ఆ రెండింటికీ గట్టిగా ఉంది, కాదనను. కంగారూ కేర్‌కయితే మందులకి కూడా అరుదుగా ఉండేంత ఆధారం ఉంది. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ ట్రయల్: ఇండియా, ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లో కేజీ నుంచి 1.799 కేజీల బరువున్న బిడ్డలు. స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెట్టిన గుంపులో 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం, మామూలు పద్ధతిలో 15.7 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. నా అభ్యంతరం కంగారూ మీద కాదు, టిక్కుల మీద.

నైట్‌షిఫ్ట్_నవ్వులు
కొత్త_బ్యాడ్జి, నీ మనిషి గోడ దూకేశాడు.

కేజీ_రెండొందలు
పేరు చూస్తే తెలిసిపోతుంది, మా బాబు పుట్టినప్పటి బరువు అది. ఆధారం_ఏది గారు చెప్పిన లెక్క వింటే కడుపు మండుతోంది. మా యూనిట్‌లో బాబుని నా గుండెల మీద పెట్టింది చాలా ఆలస్యంగా. అప్పటిదాకా 'వైర్లున్నాయమ్మా, రిస్కు' అన్నారు. చివరికి ఒక నైట్ డ్యూటీ సిస్టర్ తన పూచీ మీద డాక్టర్‌ని ఒప్పించి, ట్యూబులన్నీ నా జాకెట్టుకి టేపుతో అంటించి కూర్చోబెట్టింది. ఆవిడ పక్కన లేకపోతే నాకు ఊపిరి పీల్చుకోవాలన్నా టెన్షనే. ఆ ఒక్క మనిషి ధైర్యం వల్ల తర్వాత పక్క బెడ్ల తల్లులకీ దారి దొరికింది.

టేపు_కత్తెర
ఇన్‌క్యుబేటర్ నుంచి తల్లి మీదకి మార్చడమే అసలు గండం. సీపాప్ (ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే మిషన్) ఉన్న బిడ్డయితే ఇద్దరు ఉండాలి, ఒకరు ట్యూబులకి, ఒకరు బిడ్డకి. కాళ్లూ చేతులూ ముడిచి దగ్గరికి పట్టుకుని నెమ్మదిగా తేవాలి, గాల్లో వేలాడినట్టు ఉండకూడదు. కూర్చోబెట్టాక తక్కువలో తక్కువ గంట కదపొద్దు. పది నిమిషాలకే తీసి మళ్లీ లోపల పెడితే అటూ ఇటూ తిప్పిన అలసటే మిగులుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2022 సిఫార్సుల్లో రోజుకి 8 నుంచి 24 గంటలు అని ఉంది, వీలైనంత ఎక్కువసేపు అని.

ఆధారం_ఏది
అసలిది పుట్టిందే మనుషులూ యంత్రాలూ చాలక. 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే, హెక్టర్ మార్టినెజ్ అనే డాక్టర్లు ఇంక్యుబేటర్లు సరిపోక తల్లుల్నే పిలిచారు.

కొత్త_బ్యాడ్జి
సరే, కంగారూ ఒప్పుకున్నా. మిగతావి? నెస్టింగ్ అని గుడ్డలు చుట్టమంటారు. అది ఫిజియో పని కాదా?

ఫిజియో_ఫణి
ఫిజియోని నేనే కాబట్టి చెబుతా. నేను రోజుకి ఒకసారి వచ్చి బ్రహ్మాండంగా పడుకోబెట్టి వెళ్తా. తర్వాత డైపర్ మార్చినప్పుడు గూడు చెదిరిపోతే మిగిలిన ఇరవై మూడు గంటలూ బిడ్డ కప్పలా కాళ్లు పరిచేసి, భుజాలు వెనక్కి పడేసి ఉంటుంది. నెలలు నిండకముందు కండరాల్లో బిగువు తక్కువ, భూమి ఆకర్షణకి పరుపుకి అతుక్కుపోతారు. వారాల తరబడి అలాగే ఉంటే తర్వాత చేతులు మధ్యకి తెచ్చుకోవడం, తల నిలబెట్టడం కష్టమవుతుంది. తల కూడా రెండు పక్కలా నొక్కుకుపోయి సన్నగా పొడుగ్గా తయారవుతుంది.

కావాల్సింది కొంచెమే. చుట్టిన గుడ్డ పాదాలకి ఆనేలా ఉండాలి, భుజాలు ముందుకి, చేతులు నోటికి అందేలా, తల ఒకేపక్కకి ఉండిపోకుండా మార్చడం. గూడు మరీ బిగుతుగా ఉంటే కదలలేదు, మరీ వదులైతే గూడే కాదు. కదిలితే అంచు తగలాలి, అంతే.

మూల_బెడ్
బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ బాగుంటుందని మా వాళ్లు ఎక్కువగా అలాగే ఉంచుతారు. నిద్ర కూడా బాగా పోతారు.

టేపు_కత్తెర
మానిటర్ ఉన్నంతవరకు సరే. ఇంటికెళ్లే ముందే వెల్లకిలా అలవాటు చేయాలి, తల్లిదండ్రులు చూస్తుండగా చేయాలి. ఆసుపత్రిలో బోర్లా చూసినవాళ్లు ఇంట్లోనూ అదే చేస్తారు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదం నెలలు నిండని బిడ్డలకే ఎక్కువ. గూడు గుడ్డలు కూడా ఇంట్లో వద్దు, చదునుగా గట్టి పరుపు చాలు.

ముప్పై_వారాల_నాన్న
@టేపు_కత్తెర మేం సరిగ్గా అదే చేయబోయాం, చుట్టూ దిండ్లు కొనిపెట్టుకున్నాం. డిశ్చార్జి రోజున సిస్టర్ అడిగి మరీ వద్దన్నారు.

మూల_బెడ్
నేను పాటించేది ఒక్కటే సూత్రం: అన్నీ ఒకేసారి. మూడు గంటలకోసారి టెంపరేచర్, డైపర్, సక్షన్ (ట్యూబుతో కఫం లాగడం), శాంపిల్, ఫీడ్ అన్నీ కానిచ్చి మళ్లీ మూడు గంటలు ముట్టుకోను. బిడ్డకి నిద్ర, నాకు టైమ్. కొత్త_బ్యాడ్జికి టైమ్ లేదన్న బాధకి ఇదే మందు.

పాత_సిస్టర్
ఇక్కడ నీతో ఒప్పుకోను మూల_బెడ్. మధ్యలో లేపకపోవడం మంచిదే. కానీ వెయ్యి గ్రాముల లోపు బిడ్డకి సక్షన్, మడమ సూది, డైపర్, ఫీడ్ వరసబెట్టి చేస్తే మూడో పనికే చేతులు చచ్చుబడి వేలాడిపోతాయి. దాన్ని 'హమ్మయ్య, సర్దుకుంది' అనుకుంటాం. సర్దుకోవడం కాదది, అలిసి వదిలేయడం. రెండు పనులయ్యాక ఆపి, చేతులు ముడిచి పట్టుకుని, ఊపిరి, రంగు కుదుటపడ్డాక మూడోది. అవసరమైతే మూడోది తర్వాతకి. డైపర్ ఒక గంట ఆలస్యమైతే ఏమీ కాదు.

మూల_బెడ్
ఒక్క బిడ్డయితే మీరు చెప్పినట్టే చేస్తా. నా వాటాకి ఎంతమంది ఉంటారో ఎవరడుగుతున్నారు అక్కా? ఆపి ఆపి చేస్తే నాలుగో బిడ్డ దగ్గరికి వెళ్లేసరికి షిఫ్టు మారిపోతుంది.

పాత_సిస్టర్
అది నిజం. దానికి నా దగ్గర మంత్రం లేదు. బాగా చిన్న బిడ్డలకి ఆపి ఆపి, పెద్దవాళ్లకి నీ పద్ధతి. అందరికీ ఒకే సూత్రం వద్దనే నా గొడవ.

నైట్‌షిఫ్ట్_నవ్వులు
మనం ముట్టుకోకుండా కూర్చున్నా ల్యాబ్ వాళ్లు, ఎక్స్‌రే, ఎకో, కంటి డాక్టరు వరసగా వస్తారు. బిడ్డ కన్నుమూసిందంటే చాలు ఎవరికో ఒకరికి శాంపిల్ గుర్తొస్తుంది.

టేపు_కత్తెర
నవ్వులు గారు నవ్వుతూ అన్నా అసలు విషయం అదే. వచ్చే చేతులన్నిటికీ ముందు ఒక మనిషి నిలబడాలి. 'ఇప్పుడే పడుకుంది, ఎక్స్‌రే అర్జెంటా? ఫీడ్ టైమ్‌కి రండి' అని అడిగే హక్కు నర్సుకి ఉందని యూనిట్ ఒప్పుకోవాలి. నిద్ర అంటే ఊరికే విశ్రాంతి కాదు. ఆ వయసులో కళ్లు కదులుతూ, మొహం ముడుస్తూ పోయే నిద్రలోనే మెదడులో చాలా పని జరుగుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకి అది మెలకువలా కనిపిస్తుంది, 'ఎలాగూ మేలుకునే ఉందిగా' అని గుచ్చేస్తారు.

కొత్త_బ్యాడ్జి
నేను గుచ్చడానికి వెళ్లే ముందు సుక్రోజ్ వెయ్యమంటారు. రెండు చుక్కల తీపితో ఏమవుతుంది?

ఆధారం_ఏది
అవుతుంది. 24 శాతం సుక్రోజ్ చాలా కొద్దిగా నాలుక మీద వేసి రెండు నిమిషాలు ఆగి గుచ్చితే నొప్పి స్కోరు తగ్గుతుందని ఎన్నో ట్రయల్స్‌లో తేలింది. చాలామంది వేసి వెంటనే గుచ్చేస్తారు, అప్పుడు పనిచేయదు. తల్లి రొమ్ముపాలు తాగుతుండగా చేయగలిగితే ఇంకా మంచిది. 1980ల దాకా నవజాత శిశువులకి నొప్పి సరిగా తెలియదని నమ్మేవాళ్లు, ఆపరేషన్లకి కూడా మత్తు చాలీచాలకుండా ఇచ్చిన కాలం. 1987లో కె.జె.ఎస్. ఆనంద్, హికీ అనే డాక్టర్లు రాసిన వ్యాసం ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టింది. అయితే సుక్రోజ్ పొద్దస్తమానం ఏడుపు ఆపడానికి వాడేది కాదు. సూది తగ్గించడమే అసలు చికిత్స. మేం రాసే టెస్టుల్లో సగం ఒకే శాంపిల్‌లో కలిపేయొచ్చు, అది మా వైపు పని.

టేపు_కత్తెర
సూది వేసేటప్పుడు రెండో మనిషి కాళ్లూ చేతులూ ముడిచి పట్టుకుంటే సగం ఏడుపు ఉండదు. రెండో మనిషి నర్సే కానక్కర్లేదు, అమ్మకి నేర్పొచ్చు. కొందరికి చూడలేమని భయం, బలవంతపెట్టకండి.

కేజీ_రెండొందలు
లైట్ల సంగతి ఒకటి అడగాలి. మా బాబుకి ఆర్‌ఓపీ (నెలలు నిండని బిడ్డలకి వచ్చే కంటి రెటీనా జబ్బు) వచ్చి లేజర్ చేశారు. వార్మర్ మీద లైట్లు ఎక్కువ పడ్డందుకే వచ్చిందని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అంటారు. నేనే గుడ్డ కప్పమని అడగలేదని...

ఆధారం_ఏది
లేదమ్మా. దాని మీదే ప్రత్యేకంగా ట్రయల్ చేసి 1998లో ప్రచురించారు. కళ్లకి వెలుతురు తగలకుండా గాగుల్స్ పెట్టినా ఆర్‌ఓపీ తగ్గలేదు. నెలలు నిండకుండా పుట్టడం, ఆక్సిజన్ ఎక్కువ తక్కువలు, బరువు సరిగా పెరగకపోవడం పెద్ద కారణాలు. శాచురేషన్ 90-95 మధ్య నిలపడానికి ఆక్సిజన్ నాబ్ దగ్గర ఉండే నర్సే అక్కడ కీలకం. శాచురేషన్ పడిందని ఆక్సిజన్ పెంచి, బిడ్డ కోలుకున్నాక మళ్లీ తగ్గించడం మర్చిపోవడం, ఇదీ అసలు ప్రమాదం. లైటు తగ్గించేది నిద్ర కోసం, హాయి కోసం. మీ తప్పేం లేదు, ఇంట్లోవాళ్లకి ఈ పోస్టు చూపించండి.

కేజీ_రెండొందలు
చూపిస్తా. థాంక్స్ డాక్టర్ గారూ.

మూల_బెడ్
శబ్దానికి మాత్రం డబ్బు ఖర్చు లేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1997లోనే 45 డెసిబెల్స్ దాటొద్దంది. మనం మామూలుగా మాట్లాడుకున్నా దాటిపోతుంది. ఇంక్యుబేటర్ మీద ఫైలు పెట్టి రాయడం, తలుపు టప్‌మని వేయడం, అలారం మోగుతుంటే దూరం నుంచి చూస్తూ నిలబడడం... లోపల ఉన్నవాళ్లకి రేకు డబ్బా మీద కర్రతో కొట్టినట్టే.

నైట్‌షిఫ్ట్_నవ్వులు
రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారి గొంతుకి ఎన్ని డెసిబెల్స్?

మూల_బెడ్
దానికి చార్టులో గడి లేదు.

ఫిజియో_ఫణి
హై రిస్క్ అంటే నెలలు నిండనివాళ్లే అనుకోకండి. పుట్టగానే ఏడవక మెదడుకి ఆక్సిజన్ అందని బిడ్డల్ని 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు చల్లగా ఉంచుతారు కదా. నెలలు నిండిన బిడ్డ, బరువూ బాగుంటుంది, అందుకే మందులూ మానిటరూ తప్ప ఇంకేం పట్టించుకోరు. ఆ చలిలో వాళ్లూ బాధపడతారు. చేతులు దగ్గరికి పెట్టడం, అనవసరంగా కదపకపోవడం, అమ్మ గొంతు వినిపించడం వాళ్లకీ కావాలి. ఆపరేషన్ అయిన బిడ్డలకీ అంతే.

టేపు_కత్తెర
ఫీడ్ గురించి ఎవరూ అనలేదు. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసి కుదిరేది 32-34 వారాలకి అటూ ఇటూగా, ఒక్కో బిడ్డకి ఒక్కోలా. ట్యూబ్ పాలు వెళ్తుండగా అమ్మ రొమ్ము దగ్గరో, చీకుడు పీకతోనో ఊరికే చప్పరించనిస్తే నోటితో తాగడానికి త్వరగా వస్తారు. మన రోగం ఏంటంటే ఎంఎల్ పూర్తవ్వాలి. నిద్రపోతున్న బిడ్డ గడ్డం కదుపుతూ మిగిలిన ఐదు ఎంఎల్ తోసేస్తాం. రంగు మారి దగ్గు వచ్చాక ఆపుతాం. మిగిలింది ట్యూబ్‌లో వేస్తే పోయేదేముంది?

మూల_బెడ్
పోయేది డిశ్చార్జి. పూర్తిగా నోటితో తాగితేనే పంపిస్తామంటారు, అమ్మలు మన ప్రాణం తీస్తారు.

కేజీ_రెండొందలు
ప్రాణం తీసిన అమ్మల్లో నేనొకదాన్ని, ఏమనుకోకండి.

కొత్త_బ్యాడ్జి
అంతా చదివా. పని విలువ తెలిసింది, ఒప్పుకుంటున్నా. కానీ మూల_బెడ్ గారు అడిగిన ప్రశ్న అలాగే ఉంది. చేతులు ఎక్కడివి?

పాత_సిస్టర్
చేతులు వెయిటింగ్ హాల్లో కూర్చుని ఉన్నాయి. 1979లో ఎస్తోనియాలోని టాలిన్‌లో ఆడిక్ లెవిన్ అనే డాక్టర్ నర్సుల కొరత వల్లే తల్లుల్ని లోపలికి తెచ్చి బిడ్డ పనులు నేర్పించారు. దాన్ని చూసి కెనడా వాళ్లు ఫ్యామిలీ ఇంటిగ్రేటెడ్ కేర్ అని మొదలుపెట్టారు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ యూనిట్లలో ట్రయల్ చేస్తే 2018లో ఫలితాలొచ్చాయి: బిడ్డలు బరువు మెరుగ్గా పెరిగారు, అమ్మానాన్నల ఒత్తిడి తగ్గింది. టెంపరేచర్, డైపర్, నోరు తుడవడం, ట్యూబ్ ఫీడ్ పట్టుకోవడం వాళ్లు చేయగలరు. మందులు, ఐవీ, వెంటిలేటర్ మనవి.

మూల_బెడ్
నేర్పడానికీ టైమ్ కావాలిగా అక్కా.

పాత_సిస్టర్
మొదటి వారం రెట్టింపు పని, అబద్ధం చెప్పను. ఇంకోటి, తల్లుల్ని పెట్టుకున్నారుగా అని పోస్టులు తగ్గించే మేనేజ్‌మెంట్లూ ఉంటాయి. దానికి మాత్రం ఒప్పుకోవద్దు. అమ్మ అమ్మగా రావాలి, జీతంలేని ఆయాగా కాదు.

ముప్పై_వారాల_నాన్న
ఇంటికొచ్చాక సంగతి కూడా రాయండి. పాప నెల ప్రకారం బోర్లా పడట్లేదని మా వాళ్లు భయపెట్టేస్తున్నారు.

ఫిజియో_ఫణి
పుట్టిన రోజు నుంచి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేయండి. రెండేళ్లు వచ్చేదాకా అదే లెక్క. అయితే టీకాలు మాత్రం పుట్టిన రోజు నుంచే. మూడు నాలుగు నెలల సవరించిన వయసులో ఫాలోఅప్ తప్పకండి, కదలికల తీరు చూసి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడం) రిస్కుని అప్పుడే పసిగట్టొచ్చు. కన్ను, చెవి పరీక్షలు కూడా. మీ సిస్టర్ ఆ డేట్లు డిశ్చార్జి కాగితం మీద రాసిచ్చారా?

ముప్పై_వారాల_నాన్న
కంటిది రాశారు. చెవిది లేదు. రేపే ఫోన్ చేస్తా.

కొత్త_బ్యాడ్జి
ఇన్‌చార్జి మేడమ్‌తో మాట్లాడా. టిక్కులు తీసేసి ప్రతి షిఫ్టు చివర రెండు లైన్లు రాద్దామన్నా: 'ఏం చేస్తే బిడ్డ చిరాకు పడింది, ఏం చేస్తే కుదుటపడింది'. ఒక వారం చూద్దాం అన్నారు. మూలనున్న బిడ్డకి రాశా: కుడిపక్కకి తిప్పితే ఎక్కిళ్లు, పాదాల దగ్గర గుడ్డ పెడితే తగ్గాయి.

ఆధారం_ఏది
ఇది నాకు నచ్చింది. రౌండ్స్‌లో మందుల కన్నా ముందు ఆ రెండు లైన్లు చదవమను.

టేపు_కత్తెర
చదివాక పడుకున్న బిడ్డని లేపకుండా వెళ్లమని కూడా చెప్పు, ప్రొఫెసర్ అయినా సరే.

కొత్త_బ్యాడ్జి
అది నేను చెప్పాలా?! ప్రొబేషన్ ఇంకా అవ్వలేదండీ.

పాత_సిస్టర్
మొదట్లో మేడమ్‌ని పక్కన పెట్టుకుని చెప్పు. ఎక్స్‌రే అబ్బాయితో ప్రాక్టీసు మొదలుపెట్టు, ఆయన వింటాడు.